స్టవ్వు లేని చోటు

"మళ్ళీ మీరేనా?"

తలుపు తీసిన అమ్మాయి చేతులకి మోచేతుల దాకా మైదాపిండి. గడియ మీద తెల్లగా వేలిముద్రలు పడ్డాయి. కుడి కనుబొమ్మ మీద కూడా కాస్త పిండి ఉంది గానీ గుమ్మంలో నిలబడ్డవాడు అది చూడలేదు. అతని చూపు ఆమె భుజం మీదుగా నేరుగా వంటగదిలోకి పోయింది.

"నిన్న స్టవ్వు బిగించి వెళ్ళాం కదండీ. ఒకసారి చూసి పోదామని."

"పొద్దున చూశారు."

"అవునండీ."

"నిన్న సాయంత్రం కూడా చూశారు."

"అది దారిలో ఉంటేనూ..."

"మీ షాపు ఊరికి ఆ చివర. మా ఇల్లు ఈ చివర. మా ఇల్లు దాటితే గోడ. ఏ దారండీ అది?"

ఇలాంటి ప్రశ్నలకి అతని దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ఫ్రీ సర్వీసండీ. మా షాపు పద్ధతి."

లోపలినుంచి ముసలి గొంతు వినిపించింది. "ఎవరే?"

"స్టవ్వు ఆయన, అమ్మమ్మా."

"మళ్ళీనా? రానీ, రానీ. మనిషి నిదానస్తుడు."

అతను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. సిలిండరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సంచిలోంచి సబ్బునీళ్ళ సీసా తీసి, పైపు రెగ్యులేటరుకి తగిలే చోట చిన్న బ్రష్షుతో రాశాడు. గ్యాసు కారితే అక్కడ బుడగలు లేస్తాయి. లేవలేదు. ఊపిరి బిగబట్టి ఇంకాసేపు చూశాడు. అప్పుడు గానీ అతని ముఖంలోకి రక్తం రాలేదు. గుడ్డతో తుడిచి, ఆ అమ్మాయికి కాకుండా సిలిండరుకి దండం పెట్టినట్టు తలవంచి, వెళ్ళిపోయాడు.

అమ్మమ్మ కుర్చీలోంచి వాలి అతను వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

"ఒక ఇంటికి కుర్రాడు ఇన్నిసార్లు వస్తే దేనికొస్తాడో నాకు తెలుసే. మీ తాతయ్య గొడుగు మర్చిపోయానని ఎన్నిసార్లు వచ్చాడో. కానీ ఇతనేంటే, నీకేసి ఒక్కసారైనా చూడలేదు? స్టవ్వునే చూశాడు."

"స్టవ్వు కొత్తది కదా, అందంగా ఉంది," అంది మనవరాలు, పిండి దగ్గరికి పోతూ.

అన్నదే గానీ, పిండి కలుపుతూ ఆమె కూడా కాస్త ఆలోచించింది. ఆమె ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. పొద్దస్తమానం జనం వస్తూ పోతూ ఉంటారు. వచ్చినవాళ్ళంతా కేకునో, ఆమెనో, రెంటినో చూసేవాళ్ళే. సిలిండరు కేసి అంత ఆరాటంగా చూసినవాడు ఇతనొక్కడే.

*

వ్యాపారం తెలిసినవాడు లోపమున్న సరుకుని పారేయడు. దానికొక మంచి పేరు పెట్టి అమ్ముతాడు. అంచు పగిలిన అద్దాన్ని కోసి చిన్న అద్దమంటాడు. రంగు వెలిసిన బట్టని లేత రంగంటాడు. మన స్టవ్వుల షాపు కుర్రవాడు తన జబ్బుకి ఫ్రీ సర్వీసు అని పేరు పెట్టాడు.

స్టవ్వు బిగించి బయటికొస్తాడు. వీధి చివరికి రాగానే లోపల ఎవరో అడుగుతారు. పైపుకి క్లిప్పు బిగించావా?

బిగించాను.

స్క్రూ తిరిగిందా, తిరిగినట్టు నీకు అనిపించిందా?

అంతే. ఇక ఆ ఇల్లు కళ్ళ ముందు కాలిపోతూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళ ముఖాలతో సహా. అది జరగదని అతనికి తెలుసు. తెలియడం వల్ల ఒరిగేదేమీ లేదు. కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరుగుతాయి.

అనుమానమనేది మొండి బేరగాడి లాంటిది. ఈసారికి అడిగిన ధరకి ఇచ్చేస్తే పీడ వదులుతుందనుకుంటాం. ఇచ్చిన కొట్టుకే కదా వాడు మళ్ళీ వచ్చేది.

బజార్లో అతన్ని అందరూ ఇంకోసారి అని పిలుస్తారు. ఇంకోసారి చూస్తానండీ, ఇంకోసారి బిగిస్తానండీ అంటూ ఉంటాడు కాబట్టి. పేరు పెట్టినవాళ్ళు మెచ్చుకోలుగానే పెట్టారు. "పని చేస్తే ఇంకోసారి చెయ్యాలయ్యా," అనేవారు. అలా అన్నప్పుడల్లా అతను తల దించుకునేవాడు. వినయం అనుకునేవారు జనం. నిజానికి దొంగసొత్తు దాచుకున్నవాడిని పట్టుకుని సన్మానం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. సాయంత్రం షట్టరు దించాక పక్క కొట్టాయన వెళ్ళేదాకా చెప్పు తెగినట్టు నటిస్తూ నిలబడేవాడు. ఆయన వెళ్ళాక తాళం లాగి చూడటం మొదలుపెట్టేవాడు. లాగి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి, మళ్ళీ లాగి.

ఇది ఎవరికైనా చెప్పుకునే సంగతా? దెబ్బ తగిలితే చూపించుకోవచ్చు. జ్వరమొస్తే పడుకోవచ్చు. తాళం వేశానని తెలిసి కూడా వెయ్యలేదేమో అనిపిస్తోందని ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు? అందుకే నోరు మూసుకుని, సంచిలో సబ్బునీళ్ళు పెట్టుకుని తిరిగేవాడు.

*

కేకుల అమ్మాయి ఇంటికి రాకపోకలు సాగాయి. రానిరోజు ఫోన్ చేసేవాడు.

"హలో, స్టవ్వుల షాపు నుంచండీ."

"చెప్పండి సర్వీసు గారూ. బర్నరు క్షేమం. పైపు కులాసా. రెగ్యులేటరుకి కాస్త జలుబు చేసింది."

అవతల సంచి అందుకున్న చప్పుడు.

"జోకండీ బాబూ, జోకు. ఊపిరి తీసుకోండి. అందరి గురించీ అడిగారు, నేనెలా ఉన్నానో అడగరా?"

"మీరెలా ఉన్నారు?"

"అడిగించుకుని అడిగితే చెప్పను," అని ఫోన్ పెట్టేసేది.

వచ్చినప్పుడు కేకుల అంచులు కోసినవి ఒక పళ్ళెంలో పెట్టి ఇచ్చేది. నలుచదరంగా కోసిన కేకు అమ్మకానికి, అంచులు అయినవాళ్ళకి. పళ్ళెం అందుకుంటూ ఒకరోజు అతను ఆమె కనుబొమ్మ మీది పిండిని చూశాడు. చూసి, చెప్పాలో వద్దో తెలియక, అంచులన్నీ తినేసి, గుమ్మం దాటి హాయిగా మలుపు దాకా నడిచాడు. మలుపులో గుర్తొచ్చింది, సబ్బునీళ్ళు పెట్టనేలేదని. పరుగున వెనక్కొచ్చాడు.

"ఏమైంది?" అంది ఆమె నవ్వు దాచుకుంటూ. వెళ్ళినవాడు తన కోసమే వెనక్కొచ్చాడనుకుంది.

"మీ కనుబొమ్మ మీద పిండి ఉందండీ," అన్నాడు. అప్పటికి తోచింది అదే.

"ఇది చెప్పడానికి మలుపు నుంచి పరిగెత్తుకొచ్చారా?"

అతను సిలిండరు వైపు చూస్తూ తలూపాడు.

ఆ తర్వాత వచ్చిన వానరోజున ముద్దగా తడిసి గుమ్మంలో నిలబడ్డాడు. వీధిలో ఒక్క మనిషి లేడు. కుక్కలు కూడా అరుగుల కిందికి చేరాయి. పొద్దున ఆమె ఫోన్ ఎత్తలేదు. ఎత్తకపోతే ఏమవుతుంది? పనిలో ఉందనుకోవాలి. అతని లెక్కలో ఇల్లు కాలిపోయింది.

ఆమె తువ్వాలు తెచ్చిచ్చింది. అతను జుట్టు తుడుచుకుంటూనే వంటగది వైపు అడుగేశాడు. ఆమె దారికి అడ్డంగా నిలబడింది.

"ముందు ఒక నిజం చెప్పండి. ఇంత వానలో ఎవరూ స్టవ్వు కోసం రారు. దేనికొచ్చారు?"

జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. నిజం నాలుక చివర ఉంది. నేను వచ్చింది స్టవ్వు కోసమేనండీ, నాకొక జబ్బుంది, దాని పేరు కూడా నాకు తెలియదు. ఇంత చెబితే చాలు. కానీ ఆమె ముఖంలో ఎదురుచూపు కనబడుతోంది. అలాంటి ముఖం ముందు జబ్బు సంచి విప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది?

"మీ కోసమే," అన్నాడు.

ఆమె పక్కకి తప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "అలా అయితే సరే. స్టవ్వు కూడా చూసుకోండి, పాపం, అలుగుతుంది."

వంటగదిలో మోకాళ్ళ మీద కూర్చుని, రాసిన చోటే మళ్ళీ సబ్బునీళ్ళు రాశాడు. ఆ అమ్మాయి అంటే ఇష్టం లేక కాదు. కొండంత ఉంది. కానీ ఆ పూట అతన్ని నడిపించుకొచ్చింది ఆ ఇష్టం కాదు. మంచి నూనెలో చౌక నూనె కలిపినవాడికి తెలుస్తుంది, డబ్బా పైకి ఎంత శుభ్రంగా కనబడుతుందో. కల్తీ సరుకు చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుంది. అంతకుముందు అతనికి తనమీద తనకే సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఆమె ముందు సిగ్గు. దానికీ దీనికీ చాలా తేడా ఉంది.

*

కల్తీ ఎక్కువకాలం దాగదు.

ఒక పెద్ద ఆఫీసువాళ్ళు ఆమెకి మొదటిసారి ఆర్డరిచ్చారు. కేకు నచ్చితే ఇకముందు వాళ్ళ ఆఫీసులో ఏ వేడుకైనా ఆమెదే. మూడు అంతస్తుల కేకు, మధ్యాహ్నానికల్లా అందాలి. రెండంతస్తులు దించి, అన్నిటికంటే పెద్దది స్టవ్వు కింది గ్యాసు ఓవెన్‌లో పెట్టి, పైన పెట్టే పూలు తేవడానికి ఆమె బజారుకెళ్ళింది. వెళ్ళేముందు అమ్మమ్మకి ఒకటే చెప్పింది. "ఓవెన్ జోలికి ఎవరూ వెళ్ళకూడదు."

అమ్మమ్మ లెక్కలో ఎవరూ అంటే పరాయివాళ్ళు. స్టవ్వుల కుర్రాడు పరాయివాడా? మనవరాలు అతని కోసమే అద్దం ముందు అంతసేపు నిలబడుతోంది. అందుకని తలుపు కొట్టగానే తీసింది.

అతను లోపలికొచ్చేసరికి ఓవెన్ మండుతోంది, ఇంట్లో ఆ అమ్మాయి లేదు. మండుతున్న ఓవెన్ని వదిలేసి మనిషి బయటికి వెళ్ళిందా? అనుమానం ఒక్క దూకుతో మీదికెక్కింది. మంట ఆపాడు. రెగ్యులేటరు ఆపాడు. సబ్బునీళ్ళు రాశాడు. అన్నీ మళ్ళీ తిప్పి ఓవెన్ వెలిగించాడు. వెలిగిందా? తలుపు తీసి చూశాడు. వెలిగింది. మూశాడు. సరిగ్గా వెలిగిందా? మళ్ళీ తీశాడు. మళ్ళీ మూశాడు. అతనికి మంట గురించి అంతా తెలుసు. కేకు గురించి ఏమీ తెలియదు. సగం పొంగిన కేకుకి చల్లగాలి తగిలితే ఏమవుతుందో ఎవరూ అతనికి చెప్పలేదు.

ఆమె పూలబుట్టతో వచ్చేసరికి అతను ఓవెన్ తలుపు పట్టుకునే ఉన్నాడు. లోపల కేకు నడిమధ్య గుంట పడి, ఎవరో కూర్చుని లేచిన దిండులా ఉంది.

"ఎవరు తీశారు?" అంది మెల్లగా.

"పాపం, నీ కోసమే వచ్చాడే," అంది అమ్మమ్మ, ఎలాగోలా సర్దుదామని.

ఆమె అతని వైపు తిరిగింది. "నా కోసం వస్తే, నేను లేనప్పుడు వెళ్ళిపోవాలి కదా. ఓవెన్ ఎందుకు తెరిచారు?"

అతను ఓవెన్ తలుపు మెల్లగా మూశాడు.

"చెప్పండి. కావాలని చేశారని నేను అనుకోను. కారణం చెబితే చాలు."

"మీ కోసం రాలేదండీ," అన్నాడు. "స్టవ్వు కోసం వచ్చాను. కారుతుందేమోనని. కారదని తెలుసు. అయినా చూడకుండా ఉండలేను. అందరి ఇళ్ళకీ ఇలాగే పోతాను. ఫ్రీ సర్వీసు అనేది ఏమీ లేదు."

"అందరి ఇళ్ళకీనా?"

"అవును."

"ఆ వానరోజు?"

అబద్ధమాడటానికి అతనికి అది ఆఖరి అవకాశం. వాడుకోలేదు. "ఆ రోజు కూడా స్టవ్వు కోసమే."

ఆమె పూలబుట్ట బల్ల మీద పెట్టింది. "నేను మా వాళ్ళందరికీ చెప్పుకున్నానండీ," అంది. "ఒకాయన నా కోసం వానలో తడుస్తూ వచ్చాడని. ఎంత వెర్రిదాన్నో చూడండి. సిలిండరుకి వచ్చిన సంబంధాన్ని నాదనుకున్నాను."

"అది కాదండీ..."

"నాకు పనుంది. మళ్ళీ పిండి కలపాలి. వెళ్ళండి."

వెళ్ళాడు. మలుపు తిరిగాక, ఓవెన్ సరిగ్గా వెలిగిందో లేదో అని లోపలినుంచి అడగనే అడిగింది ఆ గొంతు. అంత అవమానంలో కూడా అది దాని బేరం మానలేదు. అక్కడే ఒక అరుగు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

*

మర్నాడు షాపు తెరవలేదు. నాన్న వచ్చి గదిలో మంచం చివర కూర్చున్నాడు. ఆ షాపు పెట్టింది ఆయనే. మాట తక్కువ మనిషి.

కొడుకు గోడవైపు తిరిగి అంతా చెప్పాడు. క్లిప్పులూ, తాళాలూ, కేకూ, ఆ అమ్మాయీ. చెప్పి, "నాకు పిచ్చెక్కుతోందేమో నాన్నా," అన్నాడు.

"నాకు తెలుసురా," అన్నాడాయన.

కొడుకు ఇటు తిరిగాడు.

"తాళం లాగడం చూశాను. చాలాకాలం కిందటే. మొదట్లో భయపడ్డాను. తర్వాత ఊళ్ళో మన షాపుకి పేరొచ్చింది. కుర్రాడు నమ్మకస్తుడని గిరాకీ పెరిగింది. సర్లే, లాభంలో ఉన్నదాన్ని కదపడమెందుకని ఊరుకున్నాను." ఆయన మోకాలి మీద దుమ్ము లేకపోయినా దులుపుకున్నాడు. "నీ ప్రాణం పెట్టుబడి పెట్టి నేను వ్యాపారం చేశానురా అబ్బాయ్. సిగ్గుపడాల్సింది నువ్వొక్కడివే కాదు. లే, ముఖం కడుక్కో. డాక్టరు దగ్గరికి పోదాం. నేనూ వస్తాను."

డాక్టరమ్మ అంతా విని, అదేదో రోజూ వచ్చే దగ్గులాగా తలూపింది. అతనికి అన్నిటికంటే ముందు ఊరటనిచ్చింది ఆ తలూపడమే.

"ఇది ఓసీడీ అనే జబ్బు. చాలామందికి ఉంటుంది. కొందరు చేతులు కడుగుతూనే ఉంటారు. కొందరు మీలాగా చూసిందే చూస్తారు. సిగ్గుతో చెప్పరు, అందుకని తమకొక్కరికే ఉందనుకుంటారు."

"అనుమానం పోవడానికి మందుందా అండీ?"

"మందు ఇస్తాను, సాయం చేస్తుంది. కానీ అసలు పని మీది. మీరు ఇన్నాళ్ళూ అనుమానం తీరాలని చూశారు. తీరిన కొద్దీ అది పెరిగింది. ఇప్పుడు దాన్ని తీర్చకుండా వదిలేయడం నేర్చుకోవాలి. స్టవ్వు బిగించాక మీ పనివాళ్ళ పద్ధతిలో పరీక్ష ఒక్కసారి. అది పని. ఆ తర్వాత వెనక్కి తిరగకూడదు, ఫోన్ చేయకూడదు. చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది. పారిపోకుండా ఉంటే దానంతటదే దిగుతుంది."

"దిగకపోతే?"

"చూశారా, ఇది కూడా పరీక్ష చేసుకోవడమే," అని డాక్టరమ్మ నవ్వింది. నాన్న వైపు తిరిగింది. "మీరు కూడా వినండి. తాళం పడిందా నాన్నా అని అడిగితే పడిందని చెప్పకండి. జాలిపడి చెప్పే ఆ ఒక్కమాటే దానికి మేత."

"పూర్తిగా పోతుందా అమ్మా?" అన్నాడు నాన్న.

"చాలా తగ్గుతుంది. ఎప్పుడైనా తల ఎత్తొచ్చు. అప్పుడేం చేయాలో ఈయనకి తెలిసి ఉంటుంది."

మొదటి రోజులు నరకం. ఒక ఇంట్లో స్టవ్వు బిగించి వచ్చి షాపులో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. నాన్న టెలిఫోను పక్కన కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించేవాడు. అది ఎక్కేది, ఎక్కేది, ఇక గుండె ఆగిపోతుందనిపించేది. తర్వాత, ఎప్పుడో తెలియకుండా, కాస్త దిగేది. కొన్ని రోజులు ఓడిపోయి పరుగెత్తేవాడు కూడా. ఓడిన రోజున డాక్టరమ్మకి ఓడానని చెప్పేవాడు. దాచకపోవడం అతనికి కొత్త అలవాటు.

షాపులో ఫ్రీ సర్వీసు అనే మాట మానేశారు. గిరాకీ కొంచెం తగ్గింది. నాన్న ఆ సంగతి ఎత్తలేదు.

*

ఒకరోజు రిక్షా దిగి కేకుల అమ్మాయి అమ్మమ్మ షాపులోకొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏం నాయనా, మా స్టవ్వు బతికుందో లేదో చూడ్డానికి రావడం మానేశావే?"

అతను లేచి నిలబడ్డాడు. "రాకూడదండీ. డాక్టరు వద్దన్నారు." తర్వాత తల దించుకుని, జబ్బు సంగతి దాచకుండా చెప్పాడు.

అమ్మమ్మ నింపాదిగా విన్నది. "కేకు మళ్ళీ చేసిందిలే. ఆలస్యమైందని ఆఫీసువాళ్ళ చేత నాలుగు మాటలు పడింది. కేకు సంగతి అది మర్చిపోయింది. ఇంకోటి మర్చిపోలేదు. ఇదంతా మా పిల్లకి చెప్పావా?"

"చెప్పడానికి ముఖం చెల్లడం లేదండీ."

"ఉన్న ముఖంతోనే చెప్పాలి బాబూ. ఇంకోటి ఎక్కడ తెస్తావు?"

ఆ సాయంత్రం అతను ఫోన్ చేశాడు. ఆమె గొంతు ఐసుగడ్డలా ఉంది.

"స్టవ్వు బాగానే ఉంది," అంది.

"అది చెప్పొద్దండీ, దయచేసి. స్టవ్వు గురించి చేయలేదు. మీతో మాట్లాడాలి. మీ ఇంట్లో కాదు. స్టవ్వు లేని చోట ఎక్కడైనా."

"స్టవ్వు లేని చోటా?"

"అవును. అప్పుడు నేను దేనికొచ్చానో మీకూ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది."

"హోటలు?"

"వంటగది ఉంటుందండీ."

"సినిమా హాలు?"

"క్యాంటీను ఉంటుంది. టీ కాస్తారు."

"బస్టాండు?"

"ఆ పక్కనే టీకొట్టు. వాడికి స్టవ్వు అమ్మింది కూడా నేనే."

నవ్వు ఆపుకున్నట్టు చిన్న చప్పుడైంది. "మీరు ఈ ఊళ్ళో ఏమీ మిగల్చలేదన్నమాట. సరే. నాకు చెప్పులు కొనుక్కోవాలి. రేపు పొద్దున చెప్పుల షాపుకి రండి. అక్కడ తోలు తప్ప ఏమీ ఉండదు."

చెప్పుల షాపులో వాళ్ళిద్దరే బేరం. రెండు బల్లకుర్చీలు ఎదురెదురుగా. నేలకానించి పాదాల వరకే కనబడే పొట్టి అద్దం. సేల్స్‌మన్ పెట్టెల దొంతర తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"మాట్లాడండి," అంది ఆమె ఒక చెప్పు తొడుక్కుంటూ. "ఈయన ఏమీ అనుకోరు."

సేల్స్‌మన్ ఏమీ అనుకోనట్టే తలూపాడు గానీ, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

అతను చెప్పాడు. జబ్బు పేరు, అది అడిగే తీరు, డాక్టరమ్మ మాటలు, నాన్న మాటలు. సగంలో ఆమె నవ్వించాలని, "అయితే ఇప్పుడు కూడా మా ఇల్లు తగలబడుతోందేమో అని ఉందా?" అంది.

అతని ముఖం పాలిపోయింది. చేతులు కుర్చీ అంచుని పట్టుకున్నాయి. ఆమె చెప్పు తొడగడం ఆపి చూసింది. ఇన్నాళ్ళూ తను ఫోన్‌లో వేసిన జోకులన్నీ ఎక్కడ తగిలి ఉంటాయో అప్పుడు అర్థమైంది.

"ఊరికే అన్నాను. ఇంట్లో అంతా..."

"చెప్పకండి," అన్నాడు. "జోకులు వేయండి, ఫర్వాలేదు. బాగానే ఉందని మాత్రం చెప్పకండి. మీరు చెబితే ఈ క్షణానికి హాయిగా ఉంటుంది. రేపు మళ్ళీ అడుగుతాను."

ఆమె నోరు మూసుకుంది. సేల్స్‌మన్ కూడా పెట్టె మూత తెరవబోయి ఆగాడు. ముగ్గురూ అలా కూర్చున్నారు. వీధిలో సైకిళ్ళు పోతున్నాయి. కొంతసేపటికి అతని వేళ్ళు కుర్చీని వదిలాయి.

"దిగిందా?" అంది ఆమె.

"దిగుతోంది."

"ఆ వానరోజు సంగతి," అంది ఆమె, చెప్పు పట్టీ సర్దుకుంటూ, అతని వైపు చూడకుండా. "పూర్తిగా స్టవ్వేనా?"

"వచ్చింది స్టవ్వు కోసం. మీరు తువ్వాలు ఇచ్చాక వెళ్ళబుద్ధి కాలేదు. అది స్టవ్వు వల్ల కాదు. రెండిటినీ కలిపి మీకు ఒకే మాటగా అమ్మాను. ఆ తప్పు నాది. ఇవాళ ఇక్కడ ఆ రెండోదొక్కటే ఉంది. నాకు మీరంటే ఇష్టం. పెళ్ళి చేసుకోవాలని ఉంది. కొంచెం లోపమున్న సరుకు. తెలిసే తీసుకోవాలి."

సేల్స్‌మన్ దగ్గాడు. ఆమె లేచి, కొత్త చెప్పులతో అద్దం దాకా నడిచి, పాదాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అద్దంలో అవే కనబడుతున్నాయి, ముఖం కనబడటం లేదు. బహుశా అందుకే అక్కడికి వెళ్ళి నిలబడింది.

"నాకూ ఇష్టమే," అంది అద్దంతో.

అతని గుండె గొంతులోకొచ్చింది. దాని వెనకే, ఒక్క అడుగు ఎడంలో, పాత గొంతు కూడా వచ్చింది. నిజంగా అందా, అన్నట్టు నీకు అనిపించిందా? ఇష్టపడి అందా, జాలిపడి అందా? ఒక్కసారి అడిగితే తేలిపోతుంది కదా.

అడగడానికి నోరు తెరిచాడు.

ఆమె వెనక్కి తిరిగి ఆ తెరిచిన నోటిని చూసింది. అందులో ఏ ప్రశ్న ఉందో ఆమెకి తెలిసిపోయింది. జవాబు చెప్పడానికి పెదవి కదిలింది. అంతలోనే ఆపేసుకుంది. ఆ ఆపుకోవడం ఆమెకి ఎంత కష్టమైందో అతను చూశాడు.

నోరు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇవి తీసుకుంటారా మేడమ్, ఇంకో జత చూపించమంటారా?" అన్నాడు సేల్స్‌మన్.

"ఇవే ఇవ్వండి."

బయటికొచ్చారు. ఎండ బాగా ఎక్కింది. ఆమె ఇల్లు ఒకవైపు, అతని షాపు ఇంకోవైపు. ఆమె రెండు దారులూ చూసి, మూడో దారిన నడిచింది. అతను పక్కనే నడిచాడు. నాలుగడుగులయ్యాక ఆమె చెయ్యి చాపింది. అతని అరచెయ్యి తడిసి ముద్దగా ఉంది. లోపల ప్రశ్న ఇంకా అలాగే కూర్చుని ఉంది, లేచి పోలేదు.

ఆమె చెయ్యి వదల్లేదు. అతను అడగలేదు.